గట్టు మీద మనిషి

మత్తు డాక్టర్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. సర్జన్ ఎవరని అడిగితే పేషంట్లు ఇంటిపేరుతో సహా చెబుతారు. మత్తు ఇచ్చిందెవరంటే, మాస్కు వేసుకున్న ఒకావిడ అంటారు. మనిషి నా కళ్ళ ముందు నిద్రలోకి జారుకుంటాడు. అతను పూర్తిగా తేరుకునేసరికి నేను ఇంకో థియేటర్లో ఇంకొకరికి సూది గుచ్చుతూ ఉంటాను. అందుకే గొర్లె హేమలత గారు సర్జన్‌ని కాదని నన్ను వెతుక్కుంటూ మా ఆస్పత్రికి వచ్చారంటే నాకు వింతగా అనిపించింది.

ఆవిడ విశాఖపట్నంలోనే ఒక కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. వెంట ఆవిడ భర్త కెప్టెన్ వైకుంఠరావు గారున్నారు. పొడుగాటి మనిషి, కుర్చీలో బుద్ధిగా కూర్చున్నారు. అంతకు రెండు మూడు నెలల ముందు ఆయనకి గుండె ఆపరేషన్ జరిగింది. మత్తు ఇచ్చింది నేనే.

ఆయన నాకు బాగా గుర్తు. మత్తు ఇచ్చే ముందు భయం తగ్గడానికి పేషంట్లని వాళ్ళ పని గురించి అడగడం నాకలవాటు. ఆయన పోర్టులో పైలట్‌గా చేశారు. విమానం పైలట్ కాదు, ఓడ పైలట్. సముద్రంలోంచి పెద్ద ఓడ వచ్చినప్పుడు దాని కెప్టెన్ దాన్ని రేవులోకి తీసుకురాడు. పోర్టు పైలట్ చిన్న బోటులో ఎదురెళ్ళి, తాడు నిచ్చెనెక్కి పైకి చేరి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న సన్నటి కాలవలోంచి దాన్ని లోపలికి నడిపిస్తాడు. గాలి, నీటి వాటం, ఓడ బరువు, దాన్ని లాగే టగ్గు పడవలు, వైర్‌లెస్‌లో మాటలు, అన్నీ ఒకేసారి తలలో పెట్టుకోవాలి. ఆ రోజు టేబుల్ మీద పడుకుని ఆయన "ఓడకి బ్రేకులుండవు డాక్టరమ్మా, అందుకని..." అంటూండగానే నిద్రపోయారు.

"గుండె బాగానే ఉంది. మనిషే తిరిగి రాలేదు," అన్నారు హేమలత గారు.

ఆవిడ చెప్పినవన్నీ చిన్న చిన్న సంగతులే. పాలు పొయ్యి మీద పెడతారు, ఎందుకు పెట్టారో తెలియక పక్కన నిలబడతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కళ్ళు మూసుకుంటారు. రోడ్డు దాటుతుంటే ఆటో హారన్ వినపడిందంటే అక్కడే ఆగిపోతారు. నేను ఆయనకి గుండ్రాల్లో అంకెలూ అక్షరాలూ రాసున్న ఒక కాగితమిచ్చి, అంకె తర్వాత అక్షరం, అక్షరం తర్వాత అంకె కలుపుతూ గీత గీయమన్నాను. మూడో గుండ్రం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆయన నా వైపు చూసి, తప్పు చేసిన పిల్లాడిలా నవ్వారు.

పెద్ద ఆపరేషన్ల తర్వాత వయసు మళ్ళినవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందని, చాలామంది కొన్ని నెలల్లో కోలుకుంటారని, కొందరు కోలుకోరని చెప్పాను. ఎందుకని అడిగారావిడ. పూర్తిగా తెలియదన్నాను.

ఆవిడ, "అయితే ఆ తెలివి పోయిందా, లోపలే ఉండిపోయిందా? రెండూ ఒకటి కాదు కదా," అన్నారు.

వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

జవాబు అనుకోకుండా దొరికింది. ఆపరేషన్‌లో ఛాతీ ఎముకని కలిపి బిగించిన తీగల్లో ఒకటి ఆయనకి గుచ్చుకోవడం మొదలైంది. దాన్ని తీసేయాలి. చిన్న పనే, కొద్ది మత్తు చాలు. ఆయన మెదడు మీద నాకు భయం ఉంది కాబట్టి తలకి తీగలు అతికించి, మెదడు అలల్ని తెర మీద చూసుకుంటూ, చుక్క చుక్కగా మందు ఎక్కించాను. ఒక చోట అలలు వింతగా సర్దుకున్నాయి. అప్పటిదాకా దేనికది కదులుతున్న గీతలన్నీ ఒక్కసారి కూడబలుక్కున్నట్టు లేచాయి. వైకుంఠరావు గారు కళ్ళు సగం తెరిచారు.

"అందుకని ఎక్కడ ఆగాలో ముందే అనుకుని బయల్దేరాల. ఆపడం మొదలెట్టాకే లోపలికి రావడం," అన్నారు.

నా చెయ్యి మందు పంపు మీదే ఉండిపోయింది. నెలల క్రితం సగంలో ఆగిన వాక్యం అది.

"ఆపరేషన్ అయిపోయిందా?" అని అడిగారు. గొంతు వేరు. చురుగ్గా, కొంచెం అధికారంగా ఉంది. నా జవాబు కోసం ఆగకుండా, "నీ మిషను కూత నెమ్మదించింది. బయట ఎవరో ట్రాలీ తోస్తన్నారు, ఒక చక్రం అరిగిపోనాది," అన్నారు. నేను చెవి పెట్టి వింటే గానీ ఆ చక్రం చప్పుడు నాకు వినపడలేదు. అంతలో మందు ఇంకో చుక్క పడింది, ఆయన నిద్రలోకి వెళ్ళిపోయారు. తీగ తీసేశాక లేచిన మనిషి మళ్ళీ పాత మెతక మనిషే. ఏం మాట్లాడారో ఆయనకి గుర్తు లేదు.

మెదడులో ఒక్కో పనికి ఒక్కో చోటు ఉన్నా, అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే మనిషి మనిషిగా ఉంటాడు. మత్తులో ఆ మాటలు ఆగిపోతాయి. కుర్ర మెదడు లేవగానే మళ్ళీ మొదలుపెడుతుంది. వయసు మళ్ళిన మెదడు అన్ని దారులూ తెరవలేక, తెరుచుకున్న కొద్ది దారులతోనే సర్దుకుపోతుంది. మూసుకుపోయిన దారులు చెరిగిపోతాయనే మేమందరం అనుకునేవాళ్ళం. ఈయనలో చెరగలేదు. మెలకువకీ మత్తుకీ మధ్య ఒక సన్నటి చోట అవి ఇంకా తెరుచుకుంటున్నాయి.

ఆ చోట మనిషిని నిలబెట్టడం ఎలా? చెయ్యి కొంచెం ఎక్కువ కదిపితే నిద్ర, తక్కువ కదిపితే మెలకువ. మనిషి చేతికి సాధ్యం కాదు. మా ఆస్పత్రిలో పరికరాలు చూసే ఇంజనీరు త్రినాథ్, నేను కలిసి ఒక పంపు తయారుచేశాం. అది మెదడు అలల్ని తనే చదువుకుని, రెప్పపాటుకొకసారి మందుని సవరించుకుంటుంది. త్రినాథ్ దానికి 'గట్టు' అని పేరు పెట్టాడు. నీళ్ళలో పడకుండా, ఒడ్డు దాటి పోకుండా, మనిషిని గట్టు మీద నిలబెట్టేది కాబట్టి. ఎథిక్స్ కమిటీకి కాగితాలు పెట్టాం, చాలా ప్రశ్నలకి జవాబులిచ్చాం. చివరికి అనుమతి వచ్చింది. వైకుంఠరావు గారిని అడిగితే, "హేమ సరేనంటే సరే," అన్నారు.

మొదటిసారి గట్టు ఆన్ చేసినప్పుడు మంచం పక్కన హేమలత గారు, వాళ్ళమ్మాయి యామిని ఉన్నారు. యామిని కొన్నేళ్ళు ఓడల మీద పనిచేసి, తండ్రి చేసిన పోర్టులోనే పైలట్‌గా శిక్షణకి చేరింది. తెల్ల చొక్కా మీద భుజం పట్టీలతో డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది.

ఆయన కళ్ళు తెరిచి ముందు కూతుర్ని చూశారు. ఆ పట్టీలు ఎప్పుడొచ్చాయని అడిగారు. ఈ రోజు తారీఖు కనుక్కున్నారు. చెప్పాక కనుబొమలు ముడిచి మనసులో లెక్క వేసుకున్నారు.

"మరి ఇన్నాళ్ళూ ఇంట్లో నీతో ఉన్నదెవరు హేమా?"

"మీరే," అన్నారు హేమలత గారు.

"నాకు తెలీదే," అని ఆయన నవ్వారు. ఆ నవ్వు విని యామిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలా ఆయన నవ్వి దాదాపు ఏడాది అయ్యిందని తర్వాత చెప్పింది.

అప్పట్నుంచి వారానికొకసారి ఆయన్ని గట్టు మీదకి తెచ్చేవాళ్ళం. కాసేపే. గుండె జాగ్రత్త చూసుకోవాలి కాబట్టి నేను గడియారం చూసుకుని పంపు ఆపేసేదాన్ని. ఆ కాసేపూ ఎక్కువగా యామినిదే. తను ఆ వారం ఎక్కిన ఓడల గురించి చెప్పేది, ఆయన ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. గాలి కొండ మీద నుంచి దిగేటప్పుడు ఓడ ముక్కు ఎటు పోతుంది, టగ్గుని ఎప్పుడు పిలిచావు, అప్పుడే ఎందుకు పిలిచావు. తప్పు చెబితే కసిరేవారు. ఆ కసురు కూడా యామినికి పండగే. నేను పక్కన కూర్చుని తెర మీద అలల్ని చూస్తూ, ఇంత తెలివి నెలల తరబడి ఎక్కడ దాక్కుందా అని ముక్కున వేలేసుకునేదాన్ని.

మామూలు రోజుల్లో ఆయన ఎలా ఉంటున్నారో చూడాలని ఒక ఆదివారం సీతమ్మధారలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన మేడ మీద ఉన్నారు. హేమలత గారు అక్కడ డ్రమ్ముల్లో మట్టి పోసి కూరపాదులు పెంచుతారు. ఆయన ఒక ముక్కాలి పీట మీద కూర్చుని చిక్కుడు తీగని చూస్తున్నారు. ఒళ్ళో చిక్కుడుకాయలున్న పళ్ళెం. ఈనె తీసిన కాయలు ఒక పక్క, తీయనివి ఒక పక్క. నేను వచ్చింది తెలిసినా తల తిప్పలేదు.

"అది తిరుగుతంది," అన్నారు.

ఏది అన్నాను. తీగ కొస చూపించారు. ఆకాశంలోకి చాచుకున్న లేత కొస. నాకు కదలిక ఏమీ కనపడలేదు. పొద్దున్న ఆ గోడ వైపు ఉందని, తర్వాత ట్యాంకు వైపు తిరిగిందని, ఇప్పుడు మళ్ళీ గోడ వైపు వస్తోందని ఆయన నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పారు. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుందట. "పట్టుకోడానికి ఏదో కావాల దానికి. ఎతుక్కుంటంది."

హేమలత గారు మెట్లెక్కి వస్తూ అది విన్నారు. పాకే తీగలన్నీ అలాగే తిరుగుతాయనీ, ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పాననీ, అయినా ఒక పూటంతా కూర్చుని ఎప్పుడూ చూడలేదనీ నాతో అన్నారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. చూసి తెలుసుకున్నారు. కిందకి దిగాక ఆవిడ ఇంకో సంగతి చెప్పారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి పగలూ రాత్రీ లేదు, ఓడ ఎప్పుడొస్తే అప్పుడే డ్యూటీ. ఇంట్లో ఉన్నా చెవి ఫోన్ మీదే. రిటైరయ్యాక కూడా ఆ చెవి మారలేదు. తన పక్కన కూర్చుని ఒక మొక్కని చూడటం ఈ జబ్బు తర్వాతే.

"జబ్బంటే జబ్బే. కాదనను. కానీ ఈయన కూడా ఒక మనిషే నస్రీన్ గారూ," అన్నారు.

నేను ఆ మాట విన్నాను గానీ, అందులో ఉన్న బరువు అప్పుడు నాకు అందలేదు. నా బుర్రంతా గట్టు మీదే ఉంది.

రెండు నెలలు గడిచాక నా పరీక్షల్లో మార్పు కనపడింది. గట్టు మీద ఆయన వారం వారం ఇంకా పదునెక్కుతున్నారు. కింద, మామూలు మెలకువలో, మార్కులు తగ్గుతున్నాయి. మొదట యంత్రం పొరపాటేమో అనుకున్నాను. మళ్ళీ మళ్ళీ చేశాను. ఈలోగా హేమలత గారు ఫోన్ చేసి, ఆయన మేడ ఎక్కడం మానేశారని చెప్పారు. చిక్కుడుకాయలు ముందు పెడితే వాటిని ఏం చేయాలని అడిగారట. తీగకి కట్టిన కర్రలు చూసి ఇవెందుకన్నారట. నిద్ర కూడా ఎక్కువైంది.

త్రినాథ్, నేను పాత రికార్డింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఆపరేషన్ తర్వాత ఆ మెదడు కొద్ది దారులతో కొత్తగా ఒక జీవితం అల్లుకుంది. మేము పాత దారుల్లో రద్దీ పెంచిన కొద్దీ కొత్తవి వాడక లేక పూడుకుపోతున్నాయి. రెండు దారులకీ సరిపడా సత్తువ ఆ మెదడులో లేదు. పైగా పాత దారులు తెరుచుకునేది గట్టు మీద ఉన్నంతసేపే. అంటే వారంలో ఒక్క కాసేపు వచ్చే మనిషి కోసం, వారమంతా ఉండే మనిషిని కరిగించేస్తున్నాం.

ఈ విషయం తల్లీకూతుళ్ళిద్దరినీ పిలిచి చెప్పాను. హేమలత గారు వెంటనే ఆపేద్దామన్నారు. యామిని ఒప్పుకోలేదు. తను గొంతు పెంచే పిల్ల కాదు. మోతాదు తగ్గిస్తే ఎలా ఉంటుంది, నెలకొకసారి చేస్తే ఎలా ఉంటుంది అని అడిగింది. ఎలా చేసినా కొంత నష్టం ఉంటుందన్నాను. తల్లి మందుల షాపుకి వెళ్ళినప్పుడు నాతో మాత్రమే అంది.

"అమ్మకి నాన్న ఇప్పుడే దొరికాడు డాక్టర్ గారూ. నాకు అప్పుడే ఉండేవాడు."

ఇద్దరిదీ న్యాయమే. తేల్చాల్సింది మేము ముగ్గురం కాదనిపించింది. ఆయన్నే అడగాలి. కానీ ఏ ఆయన్ని? చివరికి ఇద్దరినీ అడుగుదామని హేమలత గారే అన్నారు.

ముందు ఇంటి దగ్గరున్న ఆయన్ని అడిగాను. ఫ్యాను కట్టేసి, తలుపు వేసి, ఒక్కొక్క మాటే చెప్పాను. ఆయనకి ఎంత అర్థమవుతుందో తెలియదు. అంతా విని కాసేపు తన అరచేతులు చూసుకున్నారు.

"అక్కడ ఒకాయనున్నాడని తెలుసు. మా యామిని ఆయన కోసమే వస్తాది. వచ్చి నన్ను తీసుకెళ్తాది, ఆయన్ని చూసుకుని వెళ్ళిపోతాది," అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, చూసింది చెబుతున్నారంతే. "ఆయనొచ్చి వెళ్ళినాక నాకు ఇక్కడ కొన్ని కనపడవు."

తలుపు పక్కన నిలబడ్డ యామిని ముఖం నేను చూడలేదు. ఆయనే మళ్ళీ అడిగారు. "మంచోడేనా ఆయన?"

మంచివారేనన్నాను. ఆయన తలూపారు.

ఆ వారం గట్టు మీదకి వచ్చిన వైకుంఠరావు గారికి హేమలత గారే మొత్తం చెప్పారు. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. అలా వినడం ఆయనకి అలవాటు లేదని ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది. తర్వాత ఆ ఇంట్లో మనిషి గురించి వరసగా ప్రశ్నలు వేశారు. సరిగ్గా తింటున్నాడా, ఒంటరిగా బయటికి వెళ్తే తిరిగి రాగలడా, పేపరు చదువుతాడా.

"నాలా కసురుతాడా?"

"కసరరు."

"అయితే నా కంటే నయం." రోజంతా ఏం చేస్తాడని అడిగారు. చిక్కుడు తీగ సంగతి చెప్పారావిడ. ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. కొస ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతుంది, గాలి లేనప్పుడు కూడా తిరుగుతుందా, నిజంగా తనంతట తనే కనిపెట్టాడా అని అడిగారు. నిజంగానేనని చెప్పారు హేమలత గారు.

"నేనైతే అంతసేపు కూర్చోలేను," అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగారు. "పైలట్ పని ఓడని లోపలికి తేవడం. తెచ్చినాక దిగిపోతాడు, అక్కడ కాపురముండడు. నన్ను దింపీ డాక్టరమ్మా."

యామిని, ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉందని అంది. ఉంటుందన్నారాయన. పోర్టులో ఇంకా పైలట్లున్నారు, వాళ్ళనడుగు, సిగ్గుపడకు అన్నారు. కూతురి చెయ్యి పట్టుకుని, మలుపు బాగా తీసుకుంటన్నావు అన్నారు. అంతవరకు ఒక్కసారి కూడా ఆయన ఆమెని మెచ్చుకోలేదు.

అప్పుడే ఆయన నన్నొక మాట అడిగారు. ఇక్కణ్ణుంచి ఆ ఇంట్లో మనిషికి ఏమైనా దాటుతుందా అని.

తెలియదన్నాను. అంటూనే ఆలోచనలో పడ్డాను. ఇన్నిసార్లు గట్టు నడిపాం, ప్రతిసారీ టైమవ్వగానే పంపు ఆపేశాను. ఆపగానే మందు దిగిపోతుంది, అలలు ఒక్కసారిగా విడిపోతాయి. ఒక మనిషి మాయమవుతాడు, ఇంకో మనిషి లేస్తాడు. వాళ్ళిద్దరూ ఒకే చోట ఉండే అవకాశం మేమెప్పుడూ ఇవ్వలేదు. మందుని ఒక పూటంతా, తెలిసీ తెలియనంత మెల్లగా తగ్గిస్తే? ఆ తగ్గేటప్పుడు ఇంట్లో మనిషి చేసే పని చేతుల్లో ఉంటే? దాటేది ఉంటే దాటుతుంది. ఏమీ దాటకపోనూ వచ్చు. ఇంకొంత నష్టమూ జరగవచ్చు. ఆ మూడూ చెప్పాను. చూద్దాం అన్నారాయన. ఆ గొంతులో భయం కన్నా ఉత్సాహమే ఎక్కువ వినపడింది.

చివరిసారికి పొద్దున్నే మొదలుపెట్టాం. హేమలత గారు చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చారు. త్రినాథ్ పంపు దగ్గర కూర్చున్నాడు. యామిని మంచం పక్కన కుర్చీ లాక్కుని, ముందురోజు బొగ్గు ఓడని లోపలికి తెచ్చిన వైనం మొదట్నుంచీ చెప్పసాగింది. బోటు దిగి నిచ్చెన ఎక్కడం దగ్గర్నుంచి. ఆయన పడుకునే అడ్డు ప్రశ్నలు వేస్తున్నారు, తప్పులు పట్టుకుంటున్నారు. కొంతసేపటికి ప్రశ్నల మధ్య ఎడం పెరిగింది. హేమలత గారు ఒక చిక్కుడుకాయ చేతిలో పెడితే తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

యామిని చెబుతూనే ఉంది. తొందరపడలేదు. ఆయన ఒక టగ్గు పేరు చెప్పి, దాని ఇంజను కుడి పక్కకి లాగుతుంది జాగ్రత్త అన్నారు. అంటూ కాయ కొస తుంచి ఈనె లాగారు. ఇంకోటి తీసుకున్నారు. ఇంకోటి. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. పాత అలలు కూడబలుక్కుని లేస్తున్నాయి, వాటి పక్కనే ఇంటి దగ్గర పరీక్షలప్పుడు నేను రికార్డు చేసిన నిదానమైన అలలు కూడా మొదలయ్యాయి. రెండూ కలిసి ఒకే తెర మీద నడవడం అదే మొదటిసారి. త్రినాథ్ నా భుజం తట్టి చూపించాడు, నేను చూస్తున్నానని తెలిసి కూడా.

మధ్యాహ్నమవుతుండగా పంపులో మందు చుక్క కూడా పడటం లేదు. ఆయన ఒక కాయని పక్కన పెట్టి, "ఇది ముదిరిపోనాది," అన్నారు. అది ఎవరి మాటో మాలో ఎవరికీ తెలియలేదు. ఏ క్షణాన ఒకాయన దిగి ఇంకొకాయన మిగిలారో తర్వాత రికార్డింగు ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు గీత దొరకలేదు.

ఆ తర్వాత గట్టుని ఆయన మీద వాడలేదు. కొన్ని వారాలకి ఆయన మళ్ళీ మేడ ఎక్కడం మొదలుపెట్టారు. నా పరీక్షల్లో మార్కులు పడిపోవడం ఆగి, మొదట్లో ఉన్న చోటికి వచ్చి నిలబడ్డాయి. అంతకు మించి పెరగలేదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ కళ్ళు మూసుకుంటారు. ఏం దాటిందని కమిటీ వాళ్ళు అడిగితే, చూపించడానికి నా దగ్గర అంకె ఏదీ లేదని చెప్పాను. ఆ మందుని మెల్లగా తగ్గించే పద్ధతిని మాత్రం ఇప్పుడు పెద్ద వయసు పేషంట్లని ఆపరేషన్ అయిన వెంటనే మేల్కొలపడానికి వాడి చూస్తున్నాం. పక్కన ఇంట్లోవాళ్ళని కూర్చోబెడతాం, చేతికి అలవాటైన పనేదో ఇస్తాం. మొన్న ఒక పెద్దాయన చేతికి జంధ్యం వడికే తకిలి ఇచ్చాం, ఒకావిడ పూలు కట్టుకుంటూ లేచింది. ఎంత మేలు చేస్తోందో చెప్పడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

యామిని చాలా రోజులు ఇంటికి సరిగ్గా రాలేదని హేమలత గారు చెప్పారు. వచ్చినా తల్లితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయేదట. నేను దాన్ని తప్పు పట్టలేదు. తను తండ్రిని పోగొట్టుకుంది. ఆ తండ్రి మేడ మీద కూర్చుని ఉండగానే పోగొట్టుకుంది. ఎవరూ పరామర్శకి రాని దుఃఖం అది.

వర్షాలు మొదలైన ఒక సాయంత్రం నేను మామూలు పరీక్ష చేయడానికి వాళ్ళింటికి వెళ్ళాను. కాగితాలు తీస్తుండగా యామిని వచ్చింది. డ్యూటీ బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. ఆ రోజే తనకి పైలట్‌గా పూర్తి అధికారం ఇచ్చారు. పక్కన ఎవరూ లేకుండా ఒక ఓడని తనే లోపలికి తెచ్చింది. తల్లికి చెప్పడానికి వచ్చింది. చెప్పి, వెళ్ళబోతూ ఎందుకో ఆగింది. వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, ఇవాళ ఓడ తెచ్చాను," అంది.

ఆయన నా కాగితాల వైపు చెయ్యి చూపి, ఇవి తర్వాత అన్నట్టు సైగ చేశారు. హేమలత గారు ఫ్యాను కట్టేశారు. యామిని చెప్పింది. టగ్గుల పేర్లూ, గాలి వాటమూ చెప్పలేదు. అవి ఆయన మొయ్యలేరని తెలుసు. వాన గురించి, జారుతున్న తాడు నిచ్చెన గురించి, పైకెక్కాక తనని చూసి ఆ ఓడ కెప్టెన్ ముఖం పెట్టిన తీరు గురించి చెప్పింది. ఆయన ఆమె పెదవులే చూస్తూ ఒక్కో మాటా వింటున్నారు.

"అయినాక ఏం చేశావు?" అని అడిగారు.

అలాంటి ప్రశ్న తండ్రి నోట ఆ పిల్ల ఎప్పుడూ విని ఉండదు. పాతాయనైతే ఓడ గురించి అడిగేవాడు. యామిని తడబడింది.

"దిగి బోటులో కూర్చున్నాను. ఏడుపొచ్చింది నాన్నా. ఎందుకో తెలీదు. బోటువాళ్ళు చూడకుండా సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను."

ఆయన ఎప్పటిలా మాట దొరక్క వెతుక్కుంటున్నారనుకున్నాను.

"నాకూ వచ్చింది," అన్నారు. "మొదటి ఓడకి. టోపీ అడ్డం పెట్టుకున్నాను."

హేమలత గారు స్విచ్చు మీద చెయ్యి అలాగే ఉంచి తిరిగి చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ వినలేదని ఆ చూపే చెప్పింది. అది దాచుకున్నది ఓడలు నడిపిన మనిషి. చెబుతున్నది ఈయన.

యామిని తండ్రి మోకాలి మీద తల ఆన్చింది. "చెప్పు నాన్నా. ఏం ఓడ అది?"

ఆయన కళ్ళు మూసుకున్నారు, గుర్తు తెచ్చుకోవడానికి. మేము ముగ్గురం కదలకుండా ఎదురుచూశాం.